చేరొద్దన్న మేడం

మేడం పోయారన్న కబురు నాకు ఆఫీసులో తెలిసింది. చాదర్‌ఘాట్ దగ్గర ఒక ప్రైవేటు దవాఖానలో నేను ఎం.ఐ.ఎస్. ఎగ్జిక్యూటివ్‌ని. పేరు చూసి పెద్ద ఉద్యోగం అనుకునేరు! ఏ వార్డులో పడకలు నిండాయి, ఎక్కడ ఖాళీ అయ్యాయి, ఎవరు ఇంటికి వెళ్ళారు అన్నది పొద్దున్నే కంప్యూటర్లో పట్టికగా చేసి పైవాళ్ళకు పంపడం నా పని. ఆ రోజు అది పంపి ఫోన్ తీస్తే మా డిగ్రీ వాళ్ళ గ్రూపులో లావణ్య పెట్టిన మెసేజ్ కనిపించింది. వెంటనే దానికి ఫోన్ చేశాను.

"మేడం ఇగ లేరే," అంది లావణ్య.

"ఎవరు చెప్పిన్రు?" అన్నాను.

"వాళ్ళక్క ఫోన్ చేసింది. నిద్రలనే పోయిన్రంట."

 లావణ్య ముక్కు ఎగపీలుస్తూనే నవ్వింది. "చూసినవా, గిప్పుడు సుత మేడం లెక్కనే అడిగినవు."

నిజమే, అడిగాను. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా ముందు "ఎవరు చెప్పిన్రు?" అనడం మేడం అలవాటు. ఆ అలవాటు మా క్లాసు మొత్తానికి అంటించి పోయారు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా వార్త చెప్పబోతే నా మొహం చూసి మధ్యలోనే మానుకుంటారు.

మేడం మాకు డిగ్రీలో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెప్పేవారు. "అంటే కంప్యూటర్లా?" అని చుట్టాలు అడిగితే "కంప్యూటర్లు కూడా" అని తప్పించుకునేవాళ్ళం, ఎందుకంటే మొదట్లో మాకే సరిగ్గా తెలిసేది కాదు. మేడం దగ్గర మాత్రం దానికి మూడే ప్రశ్నలు. ఎవరు చెప్పిన్రు? ఎవరికి చెప్పిన్రు? చెప్పినంక ఏం జేసిన్రు? అంత లావు టెక్స్ట్‌బుక్కూ ఈ మూడింటిలో ఇమిడిపోతుందని ఆవిడ నమ్మకం. ఒక ఆఫీసు బాగా నడుస్తోందా లేదా తెలుసుకోవాలంటే ఈ మూడూ అడిగితే చాలని, మూడోదానికి జవాబు రాకపోతే ఆ ఆఫీసుకు ఎన్ని కంప్యూటర్లు కొన్నా దండగేనని చెప్పేవారు.

క్లాసు బయట కూడా వదిలేవారు కాదు. స్టాఫ్‌రూంలో ఎవరైనా ఫలానా సార్ రాజీనామా చేస్తున్నాడట అని మొదలుపెడితే మేడం ఈ మూడూ వరసగా అడిగేవారు. మాట ఎత్తినవాళ్ళు నీళ్ళు నమిలి, టిఫిన్ డబ్బా మూత పెట్టుకుని లేచిపోయేవాళ్ళు. ఆటోవాళ్ళనీ వదిలేవారు కాదు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. నాంపల్లి వైపు రోడ్డు బందుందని ఆటో అతను అంటే మేడం, "ఎవరు చెప్పిన్రయ్యా?" అన్నారు. "నేనే చూసినమ్మా, నిన్న," అన్నాడతను. "నిన్నటి ముచ్చట ఇయ్యాల్టి సవారీకి ఏం పనికొస్తది? పోనియ్యి." తీరా వెళితే రోడ్డు నిజంగానే బందుంది. "అరె, నువ్వు చెప్పింది నిజమేనయ్యా, నాదే తప్పు," అని అతనికి చెప్పి దిగి నడక మొదలుపెట్టారు. నన్నూ నడిపించారు. ఎండలో నాకు ప్రాణం పోయింది.

నడకకు మేడం ఎప్పుడూ తయారుగానే ఉండేవారు. నేత చీర, దాని కింద తెల్ల కాన్వాస్ బూట్లు. చేతిలో గొడుగు ఒకటి ఉండేది కానీ దాన్ని విప్పగా నేను చూడలేదు. దాంతో బోర్డు మీద గీతలు చూపించేవారు, మెట్ల మీద కుక్కను అదిలించేవారు, వెనక కునికేవాళ్ళ బెంచీ మీద టకటకా కొట్టేవారు. పొట్టి మనిషి, గొంతు మాత్రం కింద రోడ్డు దాకా వినిపించేది.

వినిపించక తప్పదు కూడా. అబిడ్స్‌లో మా కాలేజీ ఒక పాత కాంప్లెక్స్ పై అంతస్తుల్లో ఉండేది. కింద చెప్పుల దుకాణం, పక్కన బ్లౌజు ముక్కల మ్యాచింగ్ సెంటర్, మెట్లెక్కితే మేము. "రండక్కా, చూడుండ్రి, చూస్తే పైసలడగం!" అని కింద సేల్స్‌మన్ అరుస్తుంటే పైన మేడం పాఠం చెప్పేవారు. అతని గొంతు మరీ పెరిగితే చాక్‌పీస్ పక్కన పెట్టి, "గాయనకు నాకు ఒకటే పని బిడ్డా, గిరాకిని పిలుచుడు. గాయన రోజు పిలుస్తడు, నేను ఎండాకాలం పిలుస్త," అనేవారు. మేం నవ్వేవాళ్ళం. ఆవిడ కూడా నవ్వేవారు, కానీ కొంచెం తక్కువ.

ఎందుకంటే అది ఉత్త జోకు కాదు. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠం చెప్పేవాళ్ళకు ఎండాకాలం సెలవులుండవు. ఇంటర్ పరీక్షలు మొదలైన దగ్గర్నుంచి పాంప్లెట్లు పట్టుకుని జూనియర్ కాలేజీల గేట్ల ముందు నిలబడాలి, ఒక్కొక్కరు ఇంతమందిని తెచ్చి చేర్పించాలి. మేడంకు ఈ పని మరీ కష్టం. బీకాం అంటే అందరికీ తెలుసు, ఈ కోర్సు పేరు ఎవరూ విని ఉండరు. ఏళ్ళ తరబడి అకౌంట్స్ చెప్పి చెప్పి, కాలేజీ నడిపే కరెస్పాండెంట్ సార్ వెంటపడి ఒప్పించి మరీ పెట్టించుకున్న కోర్సు అది. చేరేవాళ్ళు తగ్గితే సెక్షన్ ఎత్తేస్తారు, సెక్షన్ పోతే మేడం ఉద్యోగమూ పోతుంది. ప్రతి జూన్‌లో ఆవిడకు ఇదొక్కటే ఫికర్.

నేను ఆవిడను మొదట చూసింది కూడా అలాంటి గేటు ముందే. నాంపల్లిలో ఇంటర్ ఆఖరి పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి మా అమ్మ చేతిలో పాంప్లెట్ల కట్ట ఉంది. అన్ని కాలేజీలవాళ్ళూ ఆమెను చుట్టుముట్టారు. ఏసీ రూములట, బస్సట, చదువు అయిపోయేలోగా ఉద్యోగం చేతిలో పెడతారట. వీళ్ళందరికీ దూరంగా, గోడ నీడలో తెల్లబూట్లావిడ ఒకరు ఒళ్ళో పాంప్లెట్లు పెట్టుకుని ఒక్కొక్కదాని మీదా పెన్నుతో ఏదో కొట్టేస్తున్నారు. అమ్మ ఆగలేకపోయింది. దగ్గరికి వెళ్ళి అడిగేసింది.

"ఏం కొట్టేస్తున్నరు మేడం?"

"గీ లైను అబద్ధమమ్మా." నూటికి నూరు శాతం ఉద్యోగ గ్యారంటీ అన్న లైను అది. "ప్రింటు మా సార్ కొట్టిచ్చిండు. పంచుడు నా డ్యూటీ. గందుకే గీ లైను తీసేసి పంచుతున్న."

"మరి మా బిడ్డకు మీ కోర్సు మంచిదేనా?"

మేడం నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "నీకు ఏం మంచిగొస్తది బిడ్డా?"

"లెక్కలు రావు," అన్నాను. రానివి ముందు చెప్పడం నా స్వభావం.

"రానియి అడగలే. ఏమొస్తది?"

"మా గల్లీల ఎవరింట్ల ఏం జరిగినా నాకే ముందు తెలుస్తది."

అమ్మ నా మోచేతి దగ్గర గిల్లింది. మేడం నవ్వకుండా తల ఊపారు. "అది పనికొచ్చేదే. కానీ జల్ది నౌకరి గావాలంటే మాత్రం మా దగ్గర చేరకు. మామూలు బీకాం జేసి ట్యాలీ నేర్సుకో. మాది జర సబర్ ఉన్నోళ్ళ చదువు. నీ మొహం చూస్తే గంత సబర్ కనవడ్తలేదు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎవరు రమ్మన్నారు, ఎవరు చేరతామన్నారు! గౌలిగూడలో మా ఇంటికి పోయేదాకా గొణుగుతూనే ఉన్నాను. అమ్మ మాత్రం ఆలోచనలో పడింది. నాన్న బేగంబజార్‌లో గుమాస్తా. పెళ్ళయిన నాటి నుంచీ అమ్మ సరుకులు కొనేది అక్కడే, దుకాణదారుల మీద ఆమెకో అంచనా ఉంది. "తీస్కోండ్రి, ఫస్ట్‌క్లాస్ మాల్," అనేవాడి ముందు ఆగదు. "ఇయ్యాల జీలకర్ర బాగ లేదమ్మా, తీస్కోకు," అన్నవాడి దగ్గర జీలకర్ర తప్ప మిగతా సామానంతా కట్టించుకుంటుంది.

"నిన్ను ఆ మేడం దగ్గరనే ఏస్త," అంది అమ్మ ఇంటికొచ్చాక.

"ఆమెనే వద్దన్నది గదనే!"

"అందరు రమ్మన్నరు, ఒక్కామె వద్దన్నది. ఆమె దగ్గర మాల్ మంచిగుంటది."

నా చదువు సంగతి అలా జీలకర్ర లెక్కలో తేలిపోయింది.

చేరాక తెలిసింది, ఆ సబర్, ఆ ఓపిక లేనిది నాకు కాదు, మేడంకే. చేతిలో పని పెట్టుకుని ఆగలేరు. మా అంతస్తులో మంచినీళ్ళ ఫిల్టరు పాడైంది. నీళ్ళు తుప్పు వాసన. రోజూ ఎవరో ఒకరు కంప్లైంటు చేస్తూనే ఉన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఒక రోజు మేడం పాఠం ఆపి, "గీ ఫిల్టర్ ముచ్చట ఏడ ఆగిందో ఎతికి పట్టుకురాండ్రి. అదే ఇయ్యాల్టి క్లాసు," అని మమ్మల్ని బయటికి తోలేశారు. మేం ఇద్దరిద్దరం బయల్దేరాం. అటెండర్ క్లర్కుకు చెప్పాడు. క్లర్కు ప్రిన్సిపాల్ సార్‌కు చెప్పింది. ప్రిన్సిపాల్ సార్ కరెస్పాండెంట్ సార్‌కు చెప్పారు. ఆయన "చూద్దాం" అన్నారు. కాలేజీలో ఆ సంగతి తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు!

వచ్చి ఇదంతా బోర్డు మీద రాశాం, బాణాలు కూడా గీశాం. మేడం గొడుగు కొనతో ఆఖరి బాణం మీద పొడిచారు. "ఆఖరున ఉన్నాయన గా నీళ్ళు తాగుతడా?"

"లేదు మేడం. ఆయన సీసా ఇంటికాడి నుంచి తెచ్చుకుంటరు."

"గంతే. తాగనోనికి చెప్తే ఏం ఫాయిదా?"

ఆ వారంలోనే కరెస్పాండెంట్ సార్ మా అంతస్తుకు వచ్చారు. మేడం సైగ చేస్తే లావణ్య పరుగెత్తుకెళ్ళి, ట్రేలో గ్లాసు పెట్టి, ఆ ఫిల్టరు నీళ్ళే ఎంతో మర్యాదగా అందించింది. ఆయన ఒక గుక్క తాగి ఆగారు. మా అందరినీ చూశారు. మేం కూడా ఆయన్నే చూస్తున్నాం. మర్నాడు పొద్దునకు కొత్త ఫిల్టరు. సమాచారం ఎవరికి చేరాలో పుస్తకంలో చాలా పేజీలు ఉంటుంది. పరీక్షలో నేను ఈ నీళ్ళ గ్లాసు రాశాను. మార్కులు పెద్దగా రాలేదనుకోండి.

అసలు సంగతంతా రెండో సంవత్సరం అయిపోయిన ఎండాకాలంలో జరిగింది. ఈసారి చేరేవాళ్ళు తగ్గితే సెక్షన్ ఉండదని ప్రిన్సిపాల్ సార్ మేడంకు ముందే తేల్చి చెప్పేశారు. ఆ మాట మాకూ తెలిసింది. నేనూ లావణ్యా సెలవులు మానుకుని కాలేజీలో హెల్ప్‌డెస్క్ దగ్గర కూర్చున్నాం. వచ్చినవాళ్ళకు ఆన్‌లైన్‌లో ఏ కాలేజీ, ఏ కోర్సు కావాలో ఆప్షన్లు పెట్టించడం మా పని. మేడం పొద్దంతా గేట్ల ముందు తిరిగి మొహం మాడ్చుకుని, బూట్లు దుమ్ము కొట్టుకుని వచ్చేవారు. గుప్పెడు మంది చేరారు. ఇంకా కావాలి.

ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆఖరి రోజు వచ్చింది. మధ్యాహ్నం దాటాక మెట్ల మీద అలికిడైంది. వికారాబాద్ దిక్కు నుంచి ఒక ఊరి పిల్లలు, ఆడా మగా కలిసి ఒక గుంపు. వాళ్ళ ముందు ఒక సెంట్రింగ్ మేస్త్రి. పట్నంలో బిల్డింగులకు పని చేస్తాడు, ఊరి పిల్లలందరికీ ఆయనే మామ. ఇలా గుంపుగా రావడం మామూలే. కిరాయి రూములో కలిసి ఉండొచ్చు, ఒకరికొకరు తోడని ఒక ఊరివాళ్ళు ఒకే కాలేజీలో పడతారు. మామ ఊఁ అంటే అందరూ చేరినట్టే. వీళ్ళు చేరితే సెక్షన్ నిలబడినట్టే. ప్రిన్సిపాల్ సార్ తన గదిలోంచి లేచి వచ్చారు. మేడం గబగబా తానే కుర్చీలు లాగి వేశారు. ఆ మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

మేస్త్రి చొక్కా జేబులోంచి మా కాలేజీ పాంప్లెట్ తీశాడు. ఎవరు పంచారో ఏమో, అందులో ఆ లైను కొట్టేసి లేదు. "మేడం, గిది మా ఊరి దాంక వచ్చింది. నౌకరి గ్యారంటీ అని రాసిన్రు. పక్కానే గదా?"

"పక్కా, పక్కా," అన్నారు ప్రిన్సిపాల్ సార్.

మేస్త్రి ఆయన వైపు తిరగలేదు. "పాఠం చెప్పేది మీరు గదా మేడం. మీరు ఒక్కసారి ఔ అనుండ్రి, చాలు. నేను పిల్లలను వదిలిపెట్టి పనికి పోత."

మేడం పిల్లల మొహాలు ఒక్కొక్కటే చూశారు. నేను బల్ల కింద చేతులు జోడించాను. ఔ అనండి మేడం, ఒక్క మాట, ఎవరి సొమ్ము పోయింది!

"పక్కా గాదన్నా," అన్నారు మేడం. "మంచిగ చదువుకుంటే పని నేర్సుకుంటరు. కొందరికి నౌకరి దొరుకుతది, కొందరికి లేటయితది. చేతిల పెట్టి పంపుడు మాత్రం ఉండది. గా మాట నమ్మి వస్తే రావొద్దు."

ప్రిన్సిపాల్ సార్ విసురుగా తన గదిలోకి వెళ్ళిపోయారు. మేడం అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. ఒక్కొక్కరినీ పిలిచి, ఏం గావాలె బిడ్డా అని అడగడం మొదలుపెట్టారు. నర్సు కావాలని ఉందన్న పిల్లకు అది ఎక్కడ చదవాలో, ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చెప్పారు. బండ్లు విప్పడం ఇష్టమన్న పిల్లవాడిని ఐటీఐకి పొమ్మన్నారు. ఏమీ తోచదన్న వాడికి ఊరి దగ్గరున్న ప్రభుత్వ కాలేజీయే నయమన్నారు. అందరికీ తన ఫోన్ నంబర్ ఇచ్చారు. "ఏడ చేరినా ఒక్క ఫోన్ కొట్టుండ్రి. చేరినమని చెప్పుండ్రి, గంతే."

వాళ్ళు మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడుకున్నారు. మేస్త్రి ఒక్కడే తిరిగొచ్చి దండం పెట్టాడు. "మంచిగ చెప్పిన్రు మేడం. పోయొస్తం." కిటికీలోంచి చూస్తే ఆ గుంపంతా చెప్పుల దుకాణం ముందు నుంచి రోడ్డు దాటి వెళ్ళిపోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మేస్త్రి మీద, ఆ పిల్లల మీద, అందరికన్నా ఎక్కువ మేడం మీద.

సాయంత్రం మేడం మా ఇద్దరినీ నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళారు. ఆడవాళ్ళు ఎవరైనా వస్తే లోపలి ఫ్యామిలీ గదిలోకి పోతారు. మేడం మాత్రం ఎప్పుడూ నట్టనడుమ బల్ల దగ్గరే కూర్చునేవారు. పాలు ఎక్కువేసిన పౌనా చాయ్ చెప్పారు.  కప్పు ఎత్తి తాగకుండానే దించేశారు.

నేను ఆగలేకపోయాను. "ఒక్కసారి పక్కా అంటే ఏం పోతుండె మేడం? అందరు చెప్పేదే గదా!"

"అందరు చెప్తరు. ఔ."

"మరి?"

"నాకు భయమైతలేదనుకున్నవా పోరీ?" గొంతు పెంచలేదు, బల్ల వైపు చూస్తూ అన్నారు. "గీ కోర్సంటే నాకు పానం. ఇంటికి పోయి మా అక్కకు ఏం చెప్పాల్నో సమజైతలేదు."

"గట్లయితే ఔ అంటే అయిపోతుండె గదా!"

"అంటే చేరుతుండ్రి. రేపటి సంది మూడేండ్లు గా పిల్లల మొహాలు ఎవరు చూడాలె? మీ సార్ చూడడు. గా కాయితం చూడది. పొద్దున్నే క్లాసుకొచ్చి నేను చూడాలె." నా కప్పు నా వైపు జరిపారు. "తాగు, సల్లగైతది."

నేను తాగాను కానీ ఒప్పుకోలేదు. లావణ్య ఒప్పుకుంది, అది మెత్తని మనిషి.

సెక్షన్ ఎత్తేశారు. చేరిన గుప్పెడు మందినీ బీకాంలో సర్దేశారు. మాదే ఆఖరి బ్యాచ్ అయింది. మమ్మల్ని మూడో సంవత్సరం గట్టెక్కించేదాకా మేడంను ఉంచారు. ఉద్యోగం పోతుందని తెలిసినా ఆ ఏడాదంతా ఆవిడ గొంతు తగ్గలేదు, గొడుగు దెబ్బలూ తగ్గలేదు. మా ప్రాజెక్టులకు ఒక్కొక్కరినీ ఒక్కో దుకాణానికి తోలి, సరుకు అయిపోతోందన్న మాట ఎవరి నుంచి ఎవరికి వెళుతుందో రాసుకు రమ్మన్నారు. నన్ను మా నాన్న పనిచేసే దుకాణానికే పంపారు. నాన్నకు సిగ్గు, నాకు సిగ్గు. అదొక వేరే కథ.

తర్వాత మేడం ఇంట్లోనే పిల్లలకు అకౌంట్స్ ట్యూషన్ చెప్పుకున్నారు. నాకు దవాఖానలో ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళితే మిఠాయి పెట్టి, వెంటనే, "నీ రిపోర్టు ఎవరు చదువుతరు?" అన్నారు. పైవాళ్ళు చదువుతారేమోనన్నాను. "ఏమో అంటే ఏంది? రేపు పంపకు. ఎవరు అడుగుతరో చూడు." భయపడుతూనే మానేశాను. పైవాళ్ళు ఒక్కరు కూడా అడగలేదు. నా మనసు చివుక్కుమంది. ఆ తర్వాత సెల్లార్‌లో స్టోరు చూసే పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, గా పట్టిక వస్తలేదేంది? అది చూసే నేను ఏ అంతస్తుకు ఎన్ని సెలైన్లు పంపాల్నో సూసుకుంట." నేను ఆయనకు పంపేదాన్నే కాదు, ఎవరి ద్వారానో చేరుతోంది. మేడంకు చెబితే చాలా సంతోషపడ్డారు. "దొరికిండు గదా! ఇగ గాయన కోసం రాయి, మంచిగ రాయి," అన్నారు. ఆ రోజు నుంచి నా ఉద్యోగం నాకు నచ్చింది.

మేడం దినాల రోజు నేనూ లావణ్యా సెలవు పెట్టి వెళ్ళాం. గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు, బయల్దేరింది మాత్రం మేమిద్దరమే. స్టేషన్ వెనక గల్లీలో అక్కచెల్లెళ్ళిద్దరే ఉండే చిన్న ఇల్లు. ఇప్పుడు అక్క ఒక్కతే. మనుషులే ఉండరేమో, ఆ పెద్దామె ముందు ఎలా కూర్చోవాలో అని దారంతా నాకు బెంగ. తీరా వెళితే గల్లీలో షామియానా, ముందు గదిలో చోటు లేదు. కింద చాపల మీద అంతా చిన్న వయసువాళ్ళే. ఒకతను పార్సిల్ కంపెనీ చొక్కాతోనే వచ్చాడు, ఒకమ్మాయి చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఒక్క మొహమూ నేను ఎరిగింది కాదు.

"మేడంకు గింతమంది చుట్టాలున్నరానే?" అని లావణ్య నా చెవిలో అడిగింది. నాకూ తెలియదు.

అక్క గుమ్మం పక్కనే కుర్చీలో ఉన్నారు. కాళ్ళకు దండం పెడితే తల నిమిరి, "మీరు ఏ బ్యాచు బిడ్డా?" అన్నారు.

"ఆఖరి బ్యాచమ్మా."

"నీళ్ళ గ్లాసు ఇచ్చింది మీలనే గదా ఎవరో?" లావణ్య వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కే దాన్ని ఊరడించి, ఇద్దరినీ దగ్గర్లో చాప మీద కూర్చోబెట్టారు. చెల్లెలి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ తానే చెప్పించానని, ఇంతమంది వస్తారని తనకే తెలియదని అన్నారు.

అప్పుడే గుమ్మం దగ్గర ఒక అమ్మాయి వచ్చి ఆగింది. భుజాన బ్యాగు, ప్రయాణం చేసి నలిగిన చీర. లోపలికి రావాలా వద్దా అన్నట్టు చెప్పులతోనే నిలబడిపోయింది.

"రా బిడ్డా. నీది ఏ బ్యాచు?" అన్నారు అక్క.

"నాది ఏ బ్యాచు గాదమ్మా." ఆ అమ్మాయి తల దించుకుంది. "తాండూర్ దవాఖానల నర్సును. మా మేస్త్రి మామ మా ఊరోళ్ళందరిని అబిడ్స్ కాలేజీకి తోలుకొచ్చిండు ఒకపారి. చేరదామనే వచ్చినం. మేడం వద్దన్నది, వాపసు పోయినం. నేను మేడం దగ్గర ఒక్క పాఠం సుత ఇనలే."

 ఆ పిల్లలు! అబిడ్స్‌లో ఆ మెట్ల ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను తిట్టుకున్న పిల్లలు.

"చెప్పులు గాడ ఇడిసి లోపటికి రా తల్లీ," అన్నారు అక్క. "ఎందుకట్ల నిలవడ్డవు? పొద్దటి సంది వస్తున్నోళ్ళంత చెల్లె వద్దన్నోళ్ళే. గీ అందర్ల బ్యాచోళ్ళు గీ ఇద్దరే."

చాపల మీది వాళ్ళంతా మా వైపు చూశారు. నేను లావణ్యను కొంచెం అవతలికి తోసి, ఆ అమ్మాయికి నా పక్కన చోటు చేశాను.